కంటోన్మెంటు కథ – ఏడో భాగం: ఆదివారం గంట, పీర్ల డప్పు

సికిందరాబాదు నుంచి మేడ్చల్ వెళ్లే లోకల్ రైలు అమ్ముగూడ దాటగానే కావల్రీ బ్యారక్స్‌లో ఆగుతుంది. ఆ తరువాత అల్వాల్, బొల్లారం బజార్, బొల్లారం. కాస్త లోపలికి నడిస్తే రిసాలా బజార్. మచ్చ బొల్లారంలో కాపురం ఉంటున్నవాళ్లం రోజూ ఈ పేర్ల మధ్యే తిరుగుతాం. పాల ప్యాకెట్టు తెచ్చుకునేది అక్కడే, పిల్లల్ని బడి బస్సు ఎక్కించేది అక్కడే. రిసాలా అంటే గుర్రపు దండు. ఆ రౌతులకు ఉప్పూ పప్పూ అమ్మడానికి పుట్టిన బజారు కాబట్టి రిసాలా బజార్. రౌతులు పోయారు, గుర్రాలు పోయాయి, పేరు మాత్రం దుకాణాల బోర్డుల మీద ఇంకా ఉంది. ఆ రౌతులు ఒక సాయంత్రం తమ సేనాధిపతినే నరికిన కథ ఈ భాగంలో చెప్పాలి. అది చెప్పాలంటే ముందు ఒక చర్చి గడప తొక్కాలి.

గత భాగంలో పామర్ కోఠీ పతనం దాకా వచ్చాం. కొత్తగా చేరిన పాఠకుల కోసం రెండు మాటలు. 1811 నుంచి 1820 దాకా హైదరాబాదులో ఇంగ్లీషు రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్, నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద ఒక సైన్యం తయారుచేయించాడు. మొదట దాన్ని రసెల్ బ్రిగేడ్ అన్నారు, తరువాత కంటింజెంటు అన్నారు. దానికి నెలనెలా జీతాలు ఇవ్వడానికి పేష్కారు చందూలాల్ విలియం పామర్ కంపెనీ దగ్గర వడ్డీకి తెచ్చాడు. 1820లో ఒక్క విడతగా తెచ్చిందే 60 లక్షలు. కొత్త రెసిడెంటు మెట్‌కాఫ్ ఆ వడ్డీ లెక్కల గుట్టు బయటపెట్టాడు. చివరికి 1823లో ఆ బాకీ తీర్చడానికి నిజాం ఏం వదులుకున్నాడో గుర్తుందా? ఉత్తర సర్కారుల మీద ఇంగ్లీషువాళ్లు ఏటా కట్టవలసిన 7 లక్షల పేష్కషు. ఒక కోటీ 16 లక్షల పైచిలుకు మొత్తానికి ఆ హక్కును శాశ్వతంగా రాసిచ్చేశాడు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు నేలతో హైదరాబాదుకు మిగిలిన ఆఖరి లెక్కల సంబంధం అలా తెగిపోయింది.

అప్పు తీరింది గానీ ఆ అప్పు చేయించిన సైన్యం అలాగే ఉంది. ఆ సైన్యం దిగిన ఊరే బొల్లారం.

మొన్న ఒక మంగళవారం పొద్దున హోలీ ట్రినిటీ చర్చికి వెళ్లాను. తెలుగులో పరిశుద్ధ త్రిత్వ దేవాలయం. ఆవరణలో చెట్ల కింద ఎండాకులు ఊడుస్తున్న పెద్దాయన నన్ను చూసి చీపురు ఆపాడు.

“ఆరాధన ఆదివారమే సార్, ఇయ్యాల ఎవ్వరుండరు.”

“తెలుసు పెద్దయ్యా, ఊరికే చూసి పోదామని వచ్చిన.”

“రాణి అచ్చిన చర్చి కదా, అందరు గట్లనే అస్తరు. చూడుండ్రి.”

ఏ రాణి అని అడగలేదు. ఈ చర్చి కథలో ఇద్దరు రాణులు ఉన్నారు. ఇద్దరి గురించీ చెప్పుకుందాం.

లోపల చల్లగా ఉంది. మొన మీదికి లేచే కమానులు, గోథిక్ పద్ధతి కిటికీలు, వాటిలో రంగుటద్దాలు. బయట ఎండ ముదిరేకొద్దీ ఆ రంగు నేల మీద పాకుతూ వచ్చింది. వరుసగా టేకు బల్లలు. ఒక బల్ల చివర చెయ్యి ఆనే చోట తడిమి చూశాను. ఆ ఒక్క చోటే చెక్క నునుపు తేలి, తక్కిన కర్ర కంటే కొంచెం నల్లగా ఉంది. ఆరాధనకు వచ్చి కూచునేవాళ్లు, లేచేటప్పుడు అక్కడే చెయ్యి మోపి లేస్తారు. 1847 నుంచి ఎన్ని చేతులో! మొదటి వందేళ్లలో అవి దాదాపు అన్నీ పటాలం చేతులే. ఇది సైనికాధికారుల కోసం, వాళ్ల కుటుంబాల కోసం కట్టిన దండు చర్చి.

ఇక్కడ కళ్లు చెదిరే అలంకారం ఏదీ లేదు. స్పెయిన్ నగరాల్లో 17, 18 శతాబ్దాలలో కట్టిన బరోక్ మఠాల చర్చిలు ఇందుకు పూర్తిగా భిన్నం. వాటిలో బలిపీఠం వెనక నేల నుంచి కప్పు దాకా చెక్కడపు గోడ లేస్తుంది. మెలికలు తిరిగిన స్తంభాలు, దేవదూతలు, ద్రాక్షతీగలు, అన్నిటి మీదా బంగారు రేకు. చూసినవాడు మోకాళ్ల మీద పడాలన్నదే అక్కడి శిల్పి ఉద్దేశం. మన దేశంలో ఆ ధోరణి చూడాలంటే గోవా పోయి, 1605లో ప్రతిష్ఠ జరిగిన బామ్ జీసస్ బసిలికా చూడాలి. బొల్లారం చర్చి ప్రొటెస్టంటు సైన్యానిది. నిశ్శబ్దంగా కూచుని వాక్యం వినాలన్నది ఇక్కడి ఉద్దేశం. ఒకటి కంటితో కట్టేస్తే, ఇంకొకటి చెవిని శుభ్రం చేస్తుంది. అయినా రెండు చోట్లా నాకు ఒకే ప్రశ్న తడుతుంది. ఆ సొమ్ము ఎక్కడిది? స్పెయిన్ వైభవం వెనక మెక్సికో, పెరూ గనుల్లో వెట్టిచాకిరీ చేసినవాళ్ల చెమట ఉంది. మరి బొల్లారం సంగతి?

ఈ ప్రశ్నకు ఊళ్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. విక్టోరియా రాణి తన సొంత డబ్బు ఇచ్చి కట్టించింది, నిజాం స్థలం ఇచ్చాడు అని. తరతరాలుగా ఇదే మాట. అయితే 1847లో విక్టోరియాకు 28 ఏళ్లు. ఆమె ఇంకా ఈ దేశానికి ఏలిక కాదు. అప్పటికి ఇక్కడ ఇంగ్లీషు పెత్తనం అంటే ఈస్టిండియా కంపెనీ పెత్తనం. రాణి ప్రకటన రావడానికి ఇంకా 11 ఏళ్లు ఉంది. పైగా బొల్లారం కంపెనీ నేల కూడా కాదు, నిజాం నేల. అంటే ఒక రాజు నేల మీద, మరో రాజ్యపు రాణి పేరు చెప్పుకుని, ఒక వ్యాపార కంపెనీ అధికారుల ప్రార్థన కోసం లేచిన కట్టడం ఇది. ఆనాటి హైదరాబాదు రాజకీయమంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది.

గోడలకు ఎవరి డబ్బు పడిందన్నది అలా ఉంచండి. ఆ గోడల మధ్య కూచున్న మనిషి జీతం ఎక్కడిది? అతని బంగళా, అతని గుర్రం, అతని భార్యకు గొడుగు పట్టిన ఆయా, నీళ్లు మోసిన భిస్తీ, గుర్రానికి మాలీషు చేసిన సాయీసు, వీళ్లందరి జీతం ఎక్కడిది? నిజాం ఖజానాది. కంటింజెంటు ఖర్చు సాలుకు దాదాపు 40 లక్షల రూపాయలు. ఆ అధికారుల మధ్య ఒక సామెత పుట్టింది. పాపం నిజాం, అన్నిటికీ ఆయనే చెల్లిస్తాడు అని. నిజాం పేరును ముద్దుగా కుదించి ‘నిజ్జీ’ అని ఇంగ్లీషులో అనుకునేవారు. ఆ ముద్దులో ఎంత చులకన ఉందో వేరే చెప్పనక్కర్లేదు. నిజాం ఖజానాలోకి ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పనక్కర్లేదు. మెదక్ చెరువు కింద వరి వేసినవాడు, బీరారులో పత్తి వేసినవాడు కట్టిన శిస్తే అది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి, లేకపోతే ముందు కథ అర్థం కాదు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఉన్న సికిందరాబాదు దండు కంపెనీ సైన్యం, మద్రాసు పటాలాలు. 1798, 1800 సంధుల ప్రకారం వచ్చి కూచున్నది అది. దాని ఖర్చు కింద నిజాం అప్పుడే బళ్లారి, కడప, అనంతపురం వైపు జిల్లాలు రాసిచ్చేశాడు. మనం దత్తమండలం అన్నది ఆ నేలనే. బొల్లారంలో ఉన్నది వేరు. పేరుకు నిజాం సైన్యం, ఆజ్ఞ రెసిడెంటుది. సంధుల్లో ఎక్కడా లేకుండా ఊడలు దిగిన సైన్యం. బొల్లారంతో పాటు ఔరంగాబాదు, హింగోలి, ఎలిచ్‌పూరు, లింగసూగూరు వంటి చోట్ల దాని పటాలాలు ఉండేవి. సికిందరాబాదు బ్యారక్కులకు రోగాల కొంప అన్న పేరుంటే, మెరక నేల మీద ఉన్న బొల్లారానికి ఆరోగ్యపు చోటని పేరు. రెసిడెంటు వేసవి విడిది కూడా ఇక్కడే. ఆ తొంభై ఎకరాల ఆవరణే ఇవాళ్టి రాష్ట్రపతి నిలయం.

కంటింజెంటు రౌతుల సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. వాళ్లది సిలేదారీ పద్ధతి. సిలేదారు అంటే గుర్రమూ ఆయుధమూ సొంతంగా తెచ్చుకుని కొలువులో చేరినవాడు. గుర్రం చస్తే నష్టం అతనిదే. సొంత గుర్రం లేనివాడు ఇంకొకరి గుర్రమెక్కి బార్గీరుగా పనిచేస్తాడు. అందుచేత రిసాలాలో రౌతు అంటే జీతగాడు మాత్రమే కాదు, కొంచెం ఆస్తిపరుడు, ఇంటిపేరున్నవాడు, మాట పడనివాడు. తండ్రి తరువాత కొడుకు అదే రిసాలాలో చేరేవాడు. పటాలంతోనే కుటుంబాలు, కుటుంబాలతోనే పీర్లూ పండుగలూ. వాళ్ల మీద ఉండే ఇంగ్లీషు అధికారులు కొద్దిమందే. పాతకాలపు అధికారులకు ఈ సంగతులన్నీ తెలుసు. పండుగ వస్తే వాళ్లు కూడా వచ్చి చూసేవారు, ఖర్చులకు ఇంత ఇచ్చేవారు.

మన పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్లకు ఆ సందడి ఎలాంటిదో నేను వర్ణించనక్కర్లేదు. పీర్ల చావడిలో ఆలములు లేపుతారు, అలావా గుండంలో నిప్పులు రాజుతాయి, రాత్రంతా డప్పులు, మలీదా పంచుతారు. పేరుకు ముసల్మానుల పండుగ, ఎత్తుకునేవాళ్లలో సగం మంది హిందువులు. తెలంగాణలో ఇవాళ్టికీ అంతే. దండులోనూ అంతే. ఒక్కో రిసాలా, ఒక్కో పటాలం తన పీర్లను ఎత్తుకుని దండు దారుల వెంట ఊరేగేది. ఎవరి ఊరేగింపు ఘనంగా ఉందన్నది పటాలాల మధ్య పంతం.

ఆ ఊళ్లోనే ఆదివారం వస్తే వేరే లోకం. చర్చి గంట మోగుతుంది. బంగళాల నుంచి బగ్గీలు బయల్దేరతాయి. దొరసానులు, పిల్లలు, కవాతు దుస్తుల్లో దొరలు. ఆ రోజు ఆటలు లేవు, కవాతులు లేవు. ఇంగ్లీషు సమాజంలో అప్పటికి ఒక కొత్త భక్తి బలంగా వీస్తోంది. ఆదివారాన్ని సబ్బాతుగా, అంటే దేవుడు నియమించిన విశ్రాంతి దినంగా, రవ్వంత చప్పుడు లేకుండా పాటించాలన్నది దాని పట్టుదల. వెనకటి తరం దొరలు హుక్కా తాగి, ఉర్దూ ముషాయిరాలకు వెళ్లి, ఇక్కడి స్త్రీలను పెళ్లాడిన మనుషులు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల కథ మూడో భాగంలో చదివాం కదా. 1840ల నాటికి ఆ తరం గడిచిపోయింది. కొత్తగా వచ్చిన దొర బైబిలు చేతపట్టి వచ్చాడు. బొల్లారం చర్చి ఆ మార్పుకు రాతిలో మిగిలిన గుర్తు. గంట పక్కనే డప్పు. చాలా ఏళ్లు ఒకదాన్నొకటి ఓర్చుకున్నాయి.

ఆ ఓర్పు ఎందుకు తెగిందో తెలియాలంటే 1853 దగ్గర కాసేపు ఆగాలి.

జీతాల బాకీ మళ్లీ పేరుకుంది. ఈసారి పామర్ లేడు. కంపెనీయే తన ఖజానా నుంచి కంటింజెంటు జీతాలు ఇచ్చి నిజాం పేర పద్దు రాసుకుంటోంది. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఓపిక లేని మనిషి. 1851లో అప్పటి నిజాం నవాబు నాసిరుద్దౌలా కొంత బాకీ ఎలాగో కట్టాడు గానీ, పద్దు మళ్లీ పెరిగి 40 లక్షలు దాటింది. డబ్బు లేకపోతే నేల ఇమ్మన్నారు. సంధి పట్టుకుని వచ్చినవాడు రెసిడెంటు కర్నల్ లో. ఆ చర్చలను లో రాసిపెట్టాడు. అందులో నవాబు అన్న ఒక మాట నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. రాజు అన్నవాడికి రెండు పనులు తలవంపులు. ఒకటి, తాతల నాటి నేలను ఊరికే ఇచ్చెయ్యడం. రెండు, నమ్మకంగా కొలిచిన సైనికులను కొలువు నుంచి తీసెయ్యడం. ఈ రెండిటిలో ఏదో ఒకటి చెయ్యమని ఆయనను నిలబెట్టారు. 1853 మే 21న ఆయన మొదటిది చేశాడు. బీరారు, రాయచూరు దోఆబు, నల్దుర్గు వైపు జిల్లాలు కంటింజెంటు ఖర్చుకింద ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. ఏటా దాదాపు 50 లక్షల రాబడి గల నేల. ఆ సంధి జరిగిన వారంలోపే దివాను సిరాజుల్‌ముల్క్ కన్నుమూశాడు. ఆయన అన్న కొడుకు, 24 ఏళ్ల కుర్రవాడు, దివాను గద్దె ఎక్కాడు. అతడే సాలార్‌జంగ్. అతని కథ ముందు ముందు చాలా ఉంది.

సంధి తరువాత దాని పేరు హైదరాబాదు కంటింజెంటు. రౌతులు రెండు వేలకు, కాల్బలం అయిదు వేలకు తగ్గకూడదు, నాలుగు ఫిరంగి దళాలు ఉండాలి. ఇక అది పేరుకు కూడా నిజాం సైన్యం కాదు. రౌతుకు జీతం వేళకు అందుతోంది. అయితే తాతలు కొలిచిన దొర ఒకరు, ఇప్పుడు సలాము చేయవలసింది ఇంకొకరికి. రిసాలా ఆత్మగౌరవం మీద ఆ దెబ్బ పచ్చిగా ఉండగానే బొల్లారానికి కొత్త బ్రిగేడియరు వచ్చాడు.

పేరు కాలిన్ మెకంజీ. తెలుగువాళ్లకు ఈ పేరు వినగానే ఊరూరా కైఫియ్యతులు రాయించిన మెకంజీ గుర్తుకొస్తాడు. ఆయన వేరు. ఆయన 1821లోనే చనిపోయాడు. ఈ మెకంజీ అఫ్గాన్ యుద్ధం చూసి వచ్చినవాడు. 1841 డిసెంబరులో కాబూలులో ఇంగ్లీషు రాయబారి మక్‌నాటెన్ హత్య జరిగినప్పుడు వెంట ఉన్నవాడు. ఆ తరువాత అఫ్గాన్ నాయకుడు అక్బర్‌ఖాన్ దగ్గర బందీగా ఉండి బతికి బయటపడ్డాడు. ధైర్యంలో వంక పెట్టలేం. భక్తిలోనూ అంతే పట్టుదల గలవాడు. భార్య హెలెన్ ఇండియా అనుభవాల గురించి 1853లో పుస్తకం అచ్చువేసింది. అందులో మిషన్లకే పెద్దపీట. ఇద్దరూ మనసా వాచా నమ్మినవాళ్లు. ఆదివారం పవిత్రత వాళ్లకు ప్రాణం.

1855 సెప్టెంబరులో మొహర్రం వచ్చింది. పండుగ ముగింపు దినాల్లో 23వ తేదీ ఆదివారం పడింది. మెకంజీ ఒక ఆజ్ఞ వేశాడు. ఆదివారం సబ్బాతు గనుక ఆ రోజు దండులో ఊరేగింపులు, వాయిద్యాలు, చప్పుళ్లు ఏవీ ఉండరాదు. ఆజ్ఞ చదివి వినిపించగానే సైనికులు ఉండే లైన్లలో గగ్గోలు. ఏడాదికోసారి వచ్చే పండుగ, అందులోనూ గుండెలు బాదుకునే రోజు. ఎన్నడూ లేనిది ఇదేమిటి? కింది అధికారులు వచ్చి సంగతి చెప్పారు. మెకంజీ కొంత తగ్గాడు. మీ మీ లైన్లలోపల ఊరేగండి, పెద్ద రోడ్డు మీదికి మాత్రం రావద్దు అని ఆజ్ఞ మార్చాడు.

నా మటుకు నాకు, అసలు ముప్పు ఆ సవరణలోనే ఉంది అనిపిస్తుంది. మొదటి ఆజ్ఞ రిసాలా మనసు విరిచేసింది. రెండో ఆజ్ఞ నోటి నుంచి నోటికి పాకుతూ ఒక్కొక్కరికి ఒక్కోలా చేరి ఉంటుంది. సగం విన్నవాడికి పండుగ మానమన్నారన్న కోపం మిగిలింది. మొత్తం విన్నవాడికి దారి మూశారన్న కోపం మిగిలింది. ఆ దారి తాతల నాటిది. పీరుకు ఒక దారి ఉంటుంది. ఏ ఇంటి ముందు ఆగాలో, ఏ మలుపులో తిరగాలో పీరుకు తెలుసంటారు మన పల్లెల్లో. మోసేవాడు తనంతట తాను నడవడు, పీరు నడిపిస్తుంది. ఆ నమ్మకం తెలియనివాడికి రోడ్డు రోడ్డే.

21వ తేదీ శుక్రవారం సాయంత్రం మూడో రిసాలా ఊరేగింపు ఆ పెద్ద రోడ్డు మీదికే వచ్చింది. బ్రిగేడియరు బంగళా ముందు నుంచి డప్పులతో సాగుతోంది. మెకంజీ ముందు మనిషిని పంపి ఆపమన్నాడు, ఆగలేదు. అప్పుడు తానే గేటు దాటి జనంలోకి నడిచాడు. ఆయుధం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ల చేతుల్లోంచి జెండాలు లాక్కున్నాడు.

ఈ క్షణాన్ని ఇద్దరి కళ్లతోనూ చూడాలి. మెకంజీ దృష్టిలో ఆజ్ఞ మీరిన సైనికుల చేతి గుడ్డముక్కలు అవి. నిరాయుధంగా వెళ్లి లాక్కోవడం సైనికుడి తెగువ. రౌతు దృష్టిలో అవి పీర్ల జెండాలు. కడిగి, సాంబ్రాణి వేసి, ఉపవాసముండి ఎత్తుకున్నవి. పరాయి చెయ్యి వాటి మీద పడింది.

ఊరేగింపు చెదిరింది. జనం లైన్లలోకి పరుగెత్తారు. కబురు పాకింది. కాసేపటికి గుంపు తిరిగి వచ్చింది, ఈసారి కత్తులతో. మెకంజీ ఇంటి ముందరే దొరికాడు. తల మీద, చేతుల మీద, వీపు మీద కత్తివేట్లు. చచ్చాడనుకునేంత రక్తం. బంగళా మీదా దాడి జరిగింది. మూడో రిసాలా లైన్లు కూతవేటు దూరంలోనే ఉన్నా అందులోని దేశీయ అధికారులు కదిలి వచ్చి అడ్డుపడలేదు.

ఆశ్చర్యం, మెకంజీ బతికాడు. ఒళ్లంతా గాయాలతో నెలలు మంచంపట్టి లేచాడు. తరువాత పాతికేళ్ల పైన బతికి 1881లో పోయాడు. ఆ రాత్రి బొల్లారం బంగళాల్లో ఎవరికీ నిద్ర లేదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ వచ్చిన ఆదివారం, 23న, ఈ టేకు బల్లల మీద కూచున్నవాళ్లు ఏం ప్రార్థించి ఉంటారు? బయట దారి మీద డప్పు చప్పుడు లేదు. మెకంజీ కోరిన నిశ్శబ్దమే అది. ఆయన మాత్రం కత్తిగాట్లతో మంచం మీద ఉన్నాడు.

విచారణ జరిగింది. డల్హౌసీ ఎవరినీ వెనకేసుకురాలేదు. ఆజ్ఞ అనాలోచితమని, జెండాల మీద స్వయంగా చెయ్యి వెయ్యడం ఇంకా తప్పని మెకంజీని తప్పుపట్టాడు. ఆ మాట మెకంజీ దంపతులను జీవితాంతం బాధించింది. భర్త పోయాక హెలెన్ రాసిన జీవితచరిత్ర చాలావరకు ఆయన పక్షాన వాదనే. రెండోవైపు మూడో రిసాలా దేశీయ అధికారులను కొలువు నుంచి తీసేశారు. తాతల నాటి సిలేదారీ, గుర్రాల మీద పెట్టిన సొమ్ము, దండులో పరువు, అన్నీ ఒక్క ఉత్తర్వుతో పోయాయి. రాజుకు తలవంపు అని రెండేళ్ల కిందట నాసిరుద్దౌలా చెప్పిన రెండో పని కూడా అలా జరిగిపోయింది, ఆయన ప్రమేయం లేకుండానే.

ఇంగ్లీషు చరిత్రకారులు దీన్ని బొల్లారం అల్లరి అని నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. మతపిచ్చి అని ఒకరు, దొర తొందరపాటు అని ఒకరు. నేను దీన్ని జీతం కథగా చదువుతాను. తన నేల మీద, తన రాజు వదులుకున్న జిల్లాల రాబడితో నడిచే దండులో, తన పండుగ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో పరాయివాడు గీత గీయడం రౌతుకు మింగుడుపడలేదు. బీరారు పోయినప్పుడు అతనికి కోపం వచ్చినా ఎవరి మీద చూపాలో తెలియలేదు. జెండా లాక్కున్నప్పుడు ఆ కోపానికి ఒక మనిషి దొరికాడు.

చర్చి నుంచి బయటికి వచ్చి సమాధుల వైపు నడిచాను. దండు మనుషుల సమాధులు, వాళ్ల ఇంటివాళ్లవి. పొట్టి సమాధులు కూడా ఉన్నాయి. వాటి ముందు ఎవరైనా ఆగకుండా ఉండలేరు. కలరా, జ్వరాలు, విరేచనాలు అప్పట్లో బంగళా, గుడిసె అని చూడలేదు. ఒక పొట్టి రాయి మీద నాచు పట్టి అక్షరాలు చెరిగాయి. వేలితో తడిమితే ఒక అంకె మాత్రం తగిలింది. ఇటువంటి రాళ్ల దగ్గర కోపాలు నిలవవు. ఆ తల్లి కూడా ఆదివారం పొద్దున ఆ నునుపు తేలిన బల్ల మీదే చెయ్యి మోపి లేచి ఉంటుంది.

కంటింజెంటు తరువాతి ముచ్చట త్వరగా చెప్పేస్తాను. 1902లో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర వైస్రాయి కర్జన్ బీరారును ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. మరుసటి ఏడాది కంటింజెంటు ఇండియా సైన్యంలో కలిసిపోయింది. దాని గుర్రపు దండుల్లో ఒకటి దక్కన్ హార్స్ పేరుతో ఈనాటికీ మన సైన్యంలో ఉంది, గుర్రాలకు బదులు ట్యాంకులతో. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఈ చర్చి దాని మెదక్ అధ్యక్ష మండలంలోకి వచ్చింది. దొరల కోసం కట్టిన బల్లల మీద ఇప్పుడు మనవాళ్లు కూచుంటున్నారు.

ఇక ఆ పెద్దాయన చెప్పిన రాణి. 1983 నవంబరు 20న రెండో ఎలిజబెత్ రాణి, భర్త ఫిలిప్‌తో కలిసి ఇక్కడి ఆరాధనకు వచ్చింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న మొదటి ఏడాది అది. ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు, 36వది. క్యాలెండరు తిరగేసి చూడండి, అదీ ఆదివారమే. గుడికి అప్పటికి 136 ఏళ్లు. ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చూసిందని పెద్దవాళ్లు చెబుతారు. నేను బయల్దేరుతుంటే పెద్దాయన మళ్లీ ఆ ముచ్చటే ఎత్తాడు.

“నేను అప్పుడు పిలగాణ్ణి. కారు గిట్లనే పోయింది, చెయ్యి ఊపింది.”

“పీర్లు కూడా ఈ రోడ్డు మీది నుంచే పోతయా పెద్దయ్యా?”

ఆయన చీపురు రెండో చేతికి మార్చుకున్నాడు. “బజార్ల ఉంటది పీర్ల పండుగ. డప్పు ఈడిదాంక ఇనొస్తది.”

బొల్లారంలో కొలువు పోగొట్టుకున్నవాళ్లు ఊరు వదిలి ఎటు వెళ్లారో, వాళ్ల కోపం ఏ పటాలాల్లోకి పాకిందో సాలార్‌జంగ్ వేగులకు కూడా పూర్తిగా అంతుపట్టలేదు. రెండేళ్లు తిరగకముందే కంటింజెంటు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 1857 వేసవిలో దాని గుర్రపు దండు ఒకటి ఔరంగాబాదులో, ఢిల్లీ వైపు నడిచి పాదుషా మీద కత్తి ఎత్తం అని మొరాయించింది. అందులోంచి తప్పించుకున్న జమేదారు చీదాఖాన్ కొద్దిమంది అనుచరులతో హైదరాబాదు చేరాడు, దివాను ఆశ్రయం ఇస్తాడన్న ఆశతో. దివాను అతన్ని పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. జులై 17న సాయంత్రం మక్కా మసీదు వైపు నుంచి ఒక గుంపు మూసీ వంతెన దాటి కోఠీలోని ఆ రెసిడెన్సీ మీదికి కదిలింది. ముందు నడిచింది తుర్రేబాజ్‌ఖాన్, పక్కన మౌల్వీ అల్లావుద్దీన్. వచ్చే భాగంలో ఆ గుంపు వెంటే మనమూ రెసిడెన్సీ గోడ దాకా వెళదాం.